ఆదివారం పిచ్చుక

మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్‌కి ఇంట్లో కూర్చునే దూరపువాళ్లతో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి ఎప్పుడు పట్టిందో గానీ, భార్య కాపురానికి వచ్చేసరికే వంటింటి గట్టు సగం ఆమెది కాదు. వాల్వులు, కాయిళ్లు, కాలిన సోల్డరు వాసన. ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపితే షాకు కొట్టింది కూడాను.

"కాపురం నాతోనా, దీంతోనా?" అని ఆవిడ నిలదీసింది.

"నువ్వు పలుకుతావు. అదింకా పలకట్లేదు" అన్నాడు మహానుభావుడు.

మొత్తానికి అది పలికింది. పలికాక వంటిల్లు చాలలేదు. డాబా మీద గది వేశాడు, నీళ్ల పైపులు అతికించి స్తంభం నిలబెట్టాడు, దాని మీంచి తీగ లాగాడు. ఆ గదిలోనే దొరికాడు పిచ్చుక.

ఎక్కడో దూరపు ఊళ్లో కుట్టుమిషన్లు బాగుచేసుకునే మనిషి. నోరు విప్పితే నత్తి, అందుకని మైకు ముట్టడు. మోర్స్ మీట నొక్కి, తంతి ఆఫీసులోలా టకటకల్లోనే మాట్లాడతాడు. చేత్తో కట్టుకున్న ట్రాన్స్‌మిటర్ కావడాన మీట నొక్కినప్పుడల్లా స్వరం ఒకచోట మొదలై కిచుక్కున ఇంకోచోటికి జారేది. ఆ పేరు అందుకే వచ్చింది. వినేవాడు నాబ్ మీద వేలు పెట్టి ఆ కూత వెంట పోతూ ఉండాల్సిందే. మెకానిక్ వేలికి అది ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కలిసేవారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. పిల్లల జ్వరాలు, పళ్ల నొప్పులు, తండ్రుల చావులు, అన్నీ ఆ టకటకల్లోనే చెప్పుకున్నారు.

"నా సవతి లేచిందా?" అంటూ భార్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి పోయేది.

ఏళ్లు గడిచాయి. డాబా పోయి ఫ్లాట్లు లేచాయి. స్తంభం పాత ఇనుము కొట్టుకి పోయింది. రేడియో స్టేషను చిక్కి చిక్కి బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన ఒక అరలో పడింది. యాంటెన్నా పెడితే అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఊరుకోడు కాబట్టి బట్టలారేసే తీగనే యాంటెన్నా చేశాడు. తడి బట్టలుంటే అది సరిగ్గా పనిచేయదు. అందుకని భార్యాభర్తలు ఒక ఒప్పందానికి వచ్చారు: ఆదివారం తీగ రేడియోది, మిగతా రోజులు బట్టలవి. ఆదివారం దాని మీద జేబురుమాలు కనిపించినా ఇంట్లో రామరావణ యుద్ధమే.

అసలు గొడవ బట్టలతో కాదు. ఇంటింటా కొత్త బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు వచ్చాయి. వాటన్నిటి రొదా రేడియోలోకే. ఒక ఆదివారం ఆ హోరులో పిచ్చుక చెప్పినదాంట్లో సగం ముక్కలు అందలేదు. మెకానిక్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"ముందు ఆ డొక్కు ట్రాన్స్‌మిటర్ బాగుచేసుకోండి. అందరూ నవ్వుతున్నారు. నేనింక మీ వెంట పడలేను" అని మీట మీద కొట్టేశాడు.

అవతల్నుంచి "సరే" అని వచ్చింది, అంతే.

ఆ వారమే అల్లుడు కొత్త రేడియో తెచ్చాడు. "ఇందులో ఫిల్టరుంది మామయ్యగారూ. బిగించారంటే సన్నటి సందులోంచి వచ్చేది తప్ప ఇంకేదీ వినబడదు" అన్నాడు. నిజంగానే హోరు మాయమైంది. అద్దం మీద అంకెలు వెలుగుతున్నాయి, వేలు పెట్టి తిప్పే పనే లేదు. పిచ్చుక ఎప్పుడూ వచ్చే అంకె దగ్గర పెట్టి, ఫిల్టరు బిగించి, మెకానిక్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

పిచ్చుక రాలేదు. పై ఆదివారమూ రాలేదు.

"అలిగాడు" అన్నాడు భార్యతో.

"మీరే పిలవొచ్చుగా."

"నేను తప్పేమన్నాను? ఉన్నమాటే అన్నాను. వాడే పిలవనీ."

ఎండలు పోయి వానలు వచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది. బింకం మాత్రం పోలేదు. ప్రతి ఆదివారం మీట ముట్టకుండా, ఆ శుభ్రమైన నిశ్శబ్దం వింటూ కూర్చునేవాడు. లోపల మాత్రం వాడొక్కసారి కూస్తే చాలని ప్రాణం కొట్టుకుపోయేది.

చివరికి ఒకనాడు లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు. ఆయనా హామే, ఇద్దరికీ తెలిసినవాడు.

"పిచ్చుక పోయాడండీ. గుండెపోటు."

మెకానిక్ వాషింగ్ మెషీన్ మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి" అన్నాడు మాస్టారు. "ఆయనకి ఒక్కసారైనా పలకలేకపోయారా? ప్రతి ఆదివారం మిమ్మల్నే పిలిచేవాడు. నేను వింటూనే ఉన్నాను, మీరే కావాలని పలకట్లేదనుకున్నాను."

"ఎక్కడ పిలిచాడు? నేను ఒక్క ఆదివారం మానలేదు. నా రేడియోలో చీమ చిటుక్కుమనలేదు."

"ఫిల్టరు ఎంత బిగించారు?"

మెకానిక్ చెప్పాడు. అవతల మాస్టారు నిట్టూర్చాడు.

"అంత సన్నగానా? ట్రాన్స్‌మిటర్ బాగుచేస్తానని విప్పిన దగ్గర్నుంచీ ఆయన కూత ఇంకా జారేది. మీ సందు పక్కనుంచే పోయుంటుంది. నాబ్ కాస్త కదిపి చూడాల్సింది."

"ఏమని పిలిచేవాడు?" అన్నాడు మెకానిక్.

"ఎప్పుడూ ఒకటే. 'బాగుచేస్తున్నాను. ఇంకా కుదరలేదు. కోపం పెట్టుకోకండి.'"

ఆదివారం వచ్చింది. మెకానిక్ ఫిల్టరు పూర్తిగా వదులు చేశాడు. వీధి వీధంతా హోరున లోపలికి వచ్చిపడింది. ఇన్ని నెలలుగా ముట్టని మీట ముట్టి పిచ్చుకను పిలిచాడు. నాబ్ మీద వేలు పెట్టి ఆ పక్కా ఈ పక్కా వెతికాడు. మళ్లీ పిలిచాడు, మళ్లీ వెతికాడు. లేడని తెలుసు. వేలు మాత్రం తిరుగుతూనే ఉంది.

భార్య తడి బట్టల బకెట్‌తో బాల్కనీ గుమ్మంలోకి వచ్చి, ఇవాళ ఏ వారమో గుర్తొచ్చి ఆగిపోయింది.

"మర్చిపోయానండీ. రేపు ఆరేస్తాలే."

మెకానిక్ రేడియో కట్టేశాడు. లేచి, బకెట్‌లోంచి ఒక తువ్వాలు తీసి, తనే తీగ మీద వేశాడు.

"ఇకమీదట ఆదివారం కూడా ఆరేసుకో" అన్నాడు.