ఆపి చూడకపోతే తెలియదు

"అమ్మ కళ్ళజోడు కనబడట్లేదట, ఎక్కడ పెట్టావ్?" అన్నాడు మా ఆయన, సోఫాలోంచి లేవకుండానే. కళ్ళజోడు అత్తయ్యది, పారేసుకున్నది ఆవిడ, అడుగుతున్నది ఈయన, పెట్టింది మాత్రం నేను! టీవీ పక్కన ఉందని చెప్పి, లంచ్ బాక్సు మూత బిగించి, ఉరుకులు పరుగుల మీద ఆఫీసులో పడ్డాను.

మా ఆఫీసులో ఈమెయిళ్ళు, క్యాలెండర్లు, మీటింగులు నడిపే సర్వర్లు చూసేది నేనే. ఇప్పుడు కొత్త వెర్షన్ వచ్చింది. పాతదాంట్లో పనికో మెషీన్ ఉండేది. కొత్తదాంట్లో ఆ పనులన్నీ తెచ్చి ఒక్కదాని నెత్తిన పెట్టారు. అలాంటివే మూడు నాలుగు పక్కపక్కన ఉంటాయి, ఒకటి ఆగితే మిగతావి అందుకోవాలి. వాకిట్లో ఇంకోటి ఉంటుంది గానీ, అది ఏదీ గుర్తు పెట్టుకోదు. ఎవరేమడిగినా లోపలిదాన్ని అడిగి, జవాబు తెచ్చి చెబుతుంది, అంతే. మాన్యువల్లో అది చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంట్లో పదకొండేళ్ళుగా అలాంటి వాకిలి మెషీన్‌తోనే నా కాపురం. కాసేపటికి ఎందుకో ఏడుపొచ్చింది.

ఈ మార్పుకు నలభై పేజీల ప్లాన్ రాసింది నేను. ముందు వేరే ఊళ్ళో ఉన్న మా బ్రాంచిలో మూడు నెలలుండి పని పూర్తి చేయాలి. వెళ్ళినవాళ్ళే టీమ్‌కి లీడ్ అవుతారు. పోయినేడు ఇలాంటి అవకాశమే వస్తే ఇంట్లో అడిగాను. "వెళ్ళు, నేను వద్దన్నానా? ఇల్లెలా నడుస్తుందో కూడా నువ్వే చెప్పి వెళ్ళు," అన్నాడాయన. "మా కోడలు లేకపోతే మాకు పూట గడవదమ్మా," అంది అత్తయ్య పక్కింటావిడతో. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు పొంగిపోయి నేనే మానుకున్నాను. వాళ్ళు వెతికేలోపే జవాబు చెప్పడం అలవాటు చేసింది కూడా నేనే.

ఇవాళ మీటింగులో మేనేజర్ ముప్ఫయ్యొకటో పేజీ దగ్గర ఆగాడు. "శుభ్రంగా నడిచే మెషీన్ని పట్టపగలు ఆపడమేంటి మేడమ్?"

"ఒకదాన్ని ఆపి చూడకపోతే మిగతావి నిలబడతాయో లేదో ఎలా తెలుస్తుంది సార్?"

ఆ మాట అన్నాక నాకే ఇంకోలా వినబడింది.

"సరే, అలాగే కానిద్దాం. ఆ బ్రాంచికి మీ జూనియర్ని పంపుదాం. మీకు ఇల్లుంది కదా! ఇక్కడి నుంచే ఫోన్లో చెబుతూ ఉండండి."

అప్పుడే ఫోన్ మోగింది. ఆయనే. తీయలేదు. మెసేజ్ వచ్చింది: 'టీవీ పక్కన లేదట. అమ్మ అడుగుతోంది.' మళ్ళీ మోగింది. "తీయండి మేడమ్, ఇంటి నుంచేగా," అన్నాడు మేనేజర్ నవ్వుతూ. బహుశా కళ్ళజోడు ఆవిడ నెత్తిమీదే ఉండుంటుంది. ఆ సంగతి కూడా నాకే తెలుసు.

ఫోన్ స్విచాఫ్ చేశాను. సాయంత్రం ఇంట్లో ఏం కాచుకుని ఉంటుందో తెలియనిదాన్నేం కాదు.

"వెళ్ళేది నేనే సార్. పేరు రాసుకోండి," అన్నాను.

మెషీన్ని ఆపినప్పుడు టైము రాసుకోవడం మా పనిలో నియమం. నోట్‌బుక్ తెరిచి రాశాను: పదకొండూ ఇరవై.