కాళ్ళు కడిగించుకున్న కర్ర

నేను ఒక చేతికర్రను. అల్లాటప్పా కర్రను కాను. జపాను దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా కాలినడకన చుట్టి వచ్చిన వెదురు కర్ర గోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణే. కాదనేవాళ్ళుంటే ముందుకు రమ్మనండి.

పుట్టింది మారేడుమిల్లి పైన కొండల్లో. పల్లాల లచ్చిరెడ్డి అనే పెద్దాయన నన్ను నరికి, నీడన ఆరబెట్టి, నిప్పు సెగ మీద తిప్పుతూ మెడ వంచి పిడి చేశాడు. ఆ వంచిన మెడ మళ్ళీ ఎత్తలేదు. అందుకే అందరూ నన్ను వినయవంతుడనుకుంటారు. సంతలో నన్ను కొన్నది పశువుల ఆసుపత్రి కాంపౌండరు పేర్రాజు గారు. ఆయన కాళ్ళు నిక్షేపంలా ఉండేవి. ఆవులంటేనే భయం. సూది పొడిచేటప్పుడు నన్ను అడ్డం పెట్టుకునేవాడు. ఆయన రిటైరయ్యాక నాతో పని లేక చెల్లెలు మాణిక్యాంబ గారికి ఇచ్చేశాడు.

మాణిక్యాంబ గారు అమలాపురం టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసింది. కుర్చీలోంచి కదలకుండా బొంబాయినీ ఢిల్లీనీ కలిపిన మనిషి. రిటైరయ్యేనాటికి మోకాలు అరిగింది, కోరిక మొలిచింది: ఒక్కసారైనా ఎక్కడికో దూరంగా తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళాలి. ఆవిడ ఆడపడుచు సుగుణమణి ఇంగ్లీషు టీచరుగా చేసింది. జపానులో పాత యాత్రికుల దారి వెంట నడిపించి, అక్కడి ఆచారాలు చూపించే యాత్ర ఒకటుందని ఆవిడే కబురు తెచ్చింది.

“కిరాణా కొట్టుకి ఆటో ఎక్కుతావు, నువ్వు జపాన్లో నడుస్తావా వొదినా?” అని ఆటపట్టిస్తూనే ఇద్దరికీ టిక్కెట్లు తీసేసింది.

ఇక్కడ చిన్న సవరణ. జపాను అంతా అన్నాను కదా. అంతా అంటే మరీ అంతా కాదు. షికోకు అనే దీవిలో, గుళ్ళను కలుపుతూ పోయే దారిలో ఒక ముక్క. మధ్యలో రైలు కూడా ఎక్కాం. మీరెవరూ వెంట రాలేదని కాస్త సాగదీశాను, అంతే.

మమ్మల్ని నడిపించిన గైడు తొమొయె గారు నవ్వు ముఖం మనిషి. మనవాళ్ళు ఆవిడకి “పదండి” అనే మాట నేర్పారు. దాన్ని ఆవిడ వేడుకోలులా, గద్దింపులా, ఆఖరికి శుభోదయంలా కూడా వాడేసేది. దారి పొడవునా వెదురు తోపులు. అంటే మా చుట్టాలు. గాలి లేకపోయినా తలలు వంచి పలకరించారు. మారేడుమిల్లిలో వానలెలా ఉన్నాయని అడిగారు. యాస వేరు గానీ అభిమానం ఒకటే. ఒక ఇంటి ముందు ఓ ముసలాయన నడిచేవాళ్ళందరికీ నారింజలు ఇచ్చాడు. యాత్రికులకి పెట్టడం అక్కడి పద్ధతట, వద్దనకూడదట. వద్దనకూడదు కాబట్టి సుగుణమణి రెండుసార్లు వరసలో నిలబడింది.

అసలు మర్యాద సత్రంలో జరిగింది. అది చివరి కొండ ఎక్కడానికి ముందు సాయంత్రం. ఆ దారిలో యాత్రికుడి కర్రంటే, ఒకప్పుడు ఆ దారిన తిరిగి ఇప్పటికీ అందరి వెంటా నడుస్తాడనే మహాత్ముడి కిందే లెక్క. మనిషి కాళ్ళు కడుక్కోకముందే కర్ర కాలు కడగాలి. సత్రం పెద్దావిడ ఫుమికో గారు నా రబ్బరు తొడుగు తీసి, చెంబుతో నీళ్ళు పోసి, తువ్వాలుతో అద్ది, గదిలో పటమూ పూలూ పెట్టే గూట్లో నన్ను నిలబెట్టింది. బూట్లన్నీ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. నేను లోపల, దేవుడి మూల లాంటి చోట.

అప్పటికే మాణిక్యాంబ గారి మోకాలు బూరెలా పొంగింది. తొమొయె గారు వచ్చి చూసి, ఎంతో మెత్తగా చెప్పింది: కొండదారిలో కూలబడితే మోసుకొచ్చే వీలు లేదు, రేపు మీరు సామాన్ల బండిలో రండి.

ఆవిడ వెళ్ళాక మాణిక్యాంబ గారు మోకాలు నిమురుకుంటూ కూర్చుంది.

“బండెక్కి గుడికెళ్ళడానికి ఇంత దూరం రావాలిటే సుగుణా? మన ద్వారపూడి గుడికే వెళ్ళేదాన్నిగా.”

“ఏం చేస్తాం వొదినా. నీ మోకాలికి నచ్చజెప్పు, నేను ఆవిడకి నచ్చజెప్తాను.”

మాణిక్యాంబ గారు లేచి పసుపు డబ్బా తీసింది. మన ఇళ్ళలో కాళ్ళు కడిగాక పసుపు రాయకుండా ఊరుకుంటారా? తడి పసుపు నా కాలికి దట్టంగా పూసి దండం పెట్టుకుంది. మగ కర్రకి పసుపేమిటని ఎవరూ అడగలేదు. నేనూ నోరెత్తలేదు. చల్లగా ఉంది.

తెల్లారేసరికి గూట్లో పరిచిన లేత గడ్డి చాప మీద గుండ్రంగా పసుపు మరక. వదినా ఆడపడుచులు తడిగుడ్డతో రుద్దారు. బొట్టంత మరక అట్టంత అయింది.

“ఇంక రుద్దకే. గది నిండా అవుద్ది,” అంది మాణిక్యాంబ గారు. ముఖం వెలవెలబోయింది. బండి సంగతి అటుంచి, సత్రంలోంచే గెంటేస్తారనుకుంది.

ఫుమికో గారు మోకాళ్ళ మీద కూర్చుని మరక చూసింది. ఏమిటిదని అడిగింది. నడిచి వచ్చినవాళ్ళ పాదాలకి మేం ఇలా చేస్తామని మాణిక్యాంబ గారు చెబితే, అది సుగుణమణి ఇంగ్లీషులోంచి తొమొయె గారి జపానీలోకి వెళ్ళింది. పెద్దావిడ జవాబు అదే దారిన తిరిగొచ్చింది.

“ఇన్నేళ్ళుగా కర్రల కాళ్ళు కడుగుతోందంట వొదినా. అడుగు ముద్ర వదిలింది ఇదేనంట. కడగదంట, ఉండనిస్తదంట.”

తర్వాత ఫుమికో గారు తొమొయె గారి వైపు తిరిగి, నన్ను చూపించి, ఈయన ఇవాళ ఏ దారిన వెళ్తాడని అడిగింది. సామాన్ల బండిలో అని తొమొయె గారు చెప్పింది.

“పాదాలకి ఇంత అలంకారం చేసి బండెక్కిస్తారా?” అందట పెద్దావిడ.

తొమొయె గారు మరకనూ, మోకాలినీ, కొండనూ మార్చి మార్చి చూసింది. మోకాలికి గట్టిగా పట్టీ కట్టింది. అందరూ ఈవిడ నడకతోనే నడవాలని తక్కినవాళ్ళకి చెప్పి, “పదండి” అంది.

కొండ మొదట్లో వాగు, దాని మీద వంతెన. పూర్వం ఆ మహాత్ముడే తలదాచుకునే చోటు దొరక్క వంతెన కింద పడుకున్నాడట. ఆయన నిద్ర చెడకూడదని ఇప్పటికీ వంతెన మీద ఎవరూ కర్ర ఆనించరు. మాణిక్యాంబ గారు నన్ను చంకన పెట్టుకుని, సుగుణమణి భుజం పట్టుకుని దాటింది. అక్కణ్ణించి మెట్లు. మెట్టుమెట్టుకీ ఆవిడ బరువంతా నా మీద వేసింది. నా ఎముకలు కిర్రుమన్నాయి. పళ్ళు బిగబట్టి పైకి చేర్చాను.

పైన గుడి ముందు మాణిక్యాంబ గారు నిలబడి ఊపిరి తీసుకుంది. సుగుణమణి కళ్ళు తుడుచుకుంటోంది.

“నడిచింది నేను. నువ్వెందుకే ఏడుస్తావు?”

“నీకోసం కాదులే వొదినా. నా బూటు కరిచేస్తంది.”

ఇదీ నా యాత్ర. వెదురు తోపుల పలకరింపులతో సహా అంతా నిజమే. ఒక్కటి మాత్రం కల్పించాను: ఆ మెట్లు. వంతెన దాటాక మాణిక్యాంబ గారు నన్ను కింద పెట్టడం మరిచిపోయింది. ఒక చేత్తో మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని తనంతట తనే ఎక్కేసింది. నేను గుడి దాకా చంకలోనే వెళ్ళాను.