పసుపు టోపీ దుంగ

ఇప్పలపాడులో దేవుళ్ళకు జైలుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి గానీ, ఊరి చివర చింతల అవతల నడుం లోతు గొయ్యి తవ్వి పెట్టుకున్నారు. వానలు తగ్గుముఖం పట్టాక ఏటా గుట్టల తల్లి జాతరలో ఆ తల్లి ముందు పంచాయితీ జరుగుతుంది. వాన కురిపించని దేవుడు, జ్వరాలు ఆపని తల్లి, పందులు చేను మేస్తుంటే చూస్తూ కూర్చున్న కాపలా దేవుడు, అందరినీ దుంగల రూపంలో భుజాల మీద మోసుకొచ్చి నిలబెడతారు. నేరం రుజువైతే దుంగ గోతిలోకి పోతుంది. కొబ్బరికాయ లేదు, కోడి లేదు, బుద్ధి వచ్చేదాకా అక్కడే. వచ్చిందనుకుంటే బయటికి తీసి పసుపునీళ్ళతో కడిగి మళ్ళీ మొక్కుతారు. దేవుళ్ళు కూడా ఎదురు చెప్పరు. తిన్న కోడికి జవాబు చెప్పాలి కదా!

ఊరి తరఫున దేవుళ్ళను నిలదీసేది ఉప్పలయ్య. తాతల కాలంలో గోదావరి దాటి వచ్చిన తెలుగు రైతుల ఇంటివాడు. ఊళ్ళో దొర్ల గిరిజనులే ఎక్కువ, అయినా ఆ పని అతనికే అప్పజెప్పారు. అతనికి నాలుగు భాషలొచ్చు, నాలుగింట్లోనూ నోటికి తాళం లేదు. అతని భార్య దుర్గమ్మ ఆ నోటిని ఇంట్లో తిట్టిపోసేది, జాతరలో చూసి మురిసిపోయేది. నీ మొగుడు దేవుణ్ణయినా కడిగేస్తడే అని ఆడవాళ్ళంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది.

ఆ ఏడు జాతర చూడటానికి ప్లోయ్ అని థాయ్‌లాండ్ పిల్ల వచ్చింది. ఢిల్లీలో చదువుకుంటోంది. దేవుళ్ళ మీద పంచాయితీ చేసే ఊరుందని ఎవరో చెబితే నమ్మలేక, ఆవపల్లి దాకా జీపులో వచ్చి, అక్కడి నుంచి నడిచి వచ్చింది. దుర్గమ్మ ఇంట్లోనే దిగింది. ఆ పిల్లకొచ్చింది పుస్తకాల హిందీ, దుర్గమ్మకొచ్చింది అంగడి హిందీ. రెండూ కలిసి ఎలాగో నడిచాయి. మొదటి పూట అన్నంలోకి ఎర్రచీమల పచ్చడి వేసి, తింటుందో లేదోనని దుర్గమ్మ ఓరకంట చూసింది. ప్లోయ్ వేలు నాకి మళ్ళీ వేయించుకుంది.

"మా ఊళ్ళో కూడా తింటాం అక్కా. మాది పేద జిల్లా. బ్యాంకాక్ వాళ్ళు మమ్మల్ని గేదెలంటారు. ఓటంటే ఏమిటో తెలియని గేదెలని."

"మమ్మల్ని జంగలీలంటరు," అంది దుర్గమ్మ. "ఇంక కొంచెం వేసుకో బిడ్డా."

అలా మొదలైంది. కల్లం దగ్గర ఇప్పగింజలు కొడుతూ దుర్గమ్మ అడిగేది, ఆ పిల్ల చెప్పేది. మీ దేశంలో రాజున్నాడా అంటే ఉన్నాడంది. ఓట్లున్నాయా అంటే అవీ ఉన్నాయంది. "ఓటేస్తాం. మాకు నచ్చినవాళ్ళు గెలుస్తారు. పైవాళ్ళకు నచ్చకపోతే ఒకసారి సైన్యం దిగుతుంది, ఇంకోసారి కోర్టు ఆ పార్టీనే రద్దు చేస్తుంది. కొన్నాళ్ళకు మళ్ళీ ఓటేస్తాం."

ఉప్పలయ్య బీడీ ముట్టించుకుంటూ నవ్వాడు. "మీరే నయం బిడ్డా. కంపెనోళ్ళు గుట్ట తవ్వొద్దని మా గ్రామసభల అందరం చేతులెత్తినం. ఊరంతా ఒప్పుకున్నదని ఆఫీసర్లు రాసుకపోయిన్రు. మీ దగ్గర పార్టీ మాయమైతది, మా దగ్గర ఎత్తిన చెయ్యే మాయమైతది."

తన తమ్ముడి సంగతి ప్లోయ్ మాపటేళ చెప్పింది. వాళ్ళ దేశంలో సినిమా మొదలయ్యే ముందు రాజుగారి పాట వేస్తారట, హాలంతా లేచి నిలబడాలట. ఈమధ్య కుర్రకారు చాలామంది లేవడం మానేశారు. తమ్ముడూ లేవలేదు. ఎందుకు లేవలేదో ఫోనులో నాలుగు మాటలు రాసుకున్నాడు. ఆ రాతకు జైలు పడింది. రాజును ఒక మాటంటే పదిహేనేళ్ళ దాకా వేయొచ్చట. తప్పయిందని ఒప్పుకుంటే సగానికి తగ్గిస్తారట. వాడు ఒప్పుకోనన్నాడు.

"ఓయమ్మో! సినిమాకు పోయి లేచి నిలబడేదేంది? పైసలిచ్చి కూసుంటందుకే గదా పోయేది!" దుర్గమ్మ పడీపడీ నవ్వింది. ఆ పిల్ల మొహం చూసి నాలిక్కరుచుకుంది. దగ్గరికి జరిగి తల నిమిరింది. "ఇక్కడ అసొంటిదేం లేదు బిడ్డా. మేం దేవుళ్ళనే గోతిల వేసేటోళ్ళం. రాజెంత?"

పంచాయితీ రోజు రానే వచ్చింది. ఆ ఏటి పెద్ద నేరం వాగుతల్లిది. నల్లగుట్ట మీద కంపెనీ ఇనుప రాయి తవ్వుతోంది, కడిగిన మట్టి వాగులోకి వదులుతోంది. నీళ్ళు తుప్పు రంగుకు తిరిగాయి. వరి పొట్ట మీదే ఎర్రబారింది, పశువులు ఆ నీళ్ళు మూతి పెట్టి వెనక్కి తీసుకుంటున్నాయి. ఉప్పలయ్య దుంగ ముందు నిలబడి, ఏం తల్లీ, మేక తినేటప్పుడు నోరు బాగానే లేచిందే, నీళ్ళు చెడుతుంటే ఏం చేస్తున్నవని గద్దించాడు. వాగుతల్లి పూనే మనిషి సోమి. ఆమె ఊగుతూ లేచింది.

"నా చేతుల ఏమున్నదిరా! గుట్ట మీద నాకన్న పెద్దోడు కూసున్నడు. వాణ్ణడుగు!"

ఇక్కడే ఇప్పలపాడు తప్పు చేసింది. ఇంకే ఊరూ చెయ్యని తప్పు. ఒక దేవుడు నాకంటే పెద్దవాడున్నాడంటే ఆ పెద్దవాణ్ణి పిలిపించడం వాళ్ళ ఆచారం. గుట్ట మీద పెద్దవాడెవరు? కంపెనీ పెద్దసాబ్. గాజు అద్దాల జీపులో రావడం, పోవడం తప్ప ఎవరూ సరిగ్గా మొహం చూడనివాడు. మరి దేవుడు కాక ఇంకేమిటి! పూజారి బుధ్రా అప్పటికప్పుడు మద్ది దుంగ చెక్కించాడు. గనిలో కూలికి పోయే పొజ్జా తన పసుపు టోపీ తెచ్చి దాని నెత్తిన పెట్టాడు. వాళ్ళు వెక్కిరించలేదు సుమా! బియ్యం చల్లారు, ఇప్పసారా ధార పోశారు, గుట్టల తల్లి పక్కన చోటిచ్చారు. ఊరు చేయగల మర్యాద అంతకంటే లేదు.

ప్లోయ్ అప్పటిదాకా తీస్తున్న కెమెరా ఆపేసి దుర్గమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. ఆయన దేవుడు కాడు. దేవుడు కేసు పెట్టడు."

"భయపడకు బిడ్డా, మా జాతర మాది. ఆపినవెందుకు? తియ్యి. మీ తమ్మునికి చూపియ్యి, ఇట్లాంటి ఊరు గూడ ఒకటున్నదని."

ఆ పిల్ల ఇంకా తటపటాయిస్తుంటే దుర్గమ్మే కెమెరాను ఎత్తి ఆమె కంటికి ఆనించింది.

ఉప్పలయ్య ఆ రోజు అడిగినట్టు ఎప్పుడూ అడగలేదు. మా గుట్ట తిన్నవు, మా వాగు తాగినవు, మాకేం పెట్టినవో చెప్పు సాబ్ అన్నాడు. దుంగ పలకలేదు. సాబ్ తరఫున మాట్లాడేవాళ్ళున్నారా అని ముమ్మారు పిలిచారు. ఎవరూ రాలేదు. నీళ్ళు తేటపడేదాకా గోతిలో ఉండాలని తీర్పు. దుంగను దించుతుంటే పిల్లా జెల్లా ఈలలేశారు. దుర్గమ్మకు కడుపు నిండిపోయింది.

తిరుగు దారిలో రోడ్డు మీద అడ్డకర్ర దగ్గర పోలీసులు ప్లోయ్ సంచి దులిపారు. కెమెరా చూశారు. ఆ పిల్లను ఢిల్లీ పంపి, అక్కణ్ణించి దేశం దాటించారట. తమ్ముడున్న ఆ దేశానికే పోయిందో, ఇంకెక్కడికో, ఎవరికీ తెలియదు. ఉప్పలయ్య కోసం తెల్లారేసరికి రెండు బండ్లు వచ్చాయి. సాబ్‌ను చంపి గోతిలో పాతిపెడతామని ఊరిని రెచ్చగొట్టాడట! అయ్యా అది దుంగ అని బుధ్రా అంటే, టోపీ ఎవరిదిరా అని అడిగారు. నాలుగు భాషలొచ్చినవాడు ఆ రోజు ఏ భాషలోనూ మాట్లాడలేదు. దుర్గమ్మ బండి వెనక పరుగెత్తి, రాళ్ళు తగిలి బొటనవేలు చితికి, దారి మధ్యలో కూలబడింది. తియ్యమన్నది తనే. కెమెరా ఎత్తి పెట్టింది తన చేతులే. ఆ చేతులతోనే నెత్తి బాదుకుంది.

ఏడాదంతా జైలు చుట్టూ, వకీలు చుట్టూ తిరిగింది. ములాఖత్‌లో జాలీ అవతల మొగుడు ప్రతిసారీ కొంచెం చిన్నగా కనబడేవాడు. దగ్గు పట్టుకుంది. ఒకసారి మాట మధ్యలో ఆగి, ఏం చెప్పబోయాడో మరిచిపోయి, అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇంకో వానాకాలం అక్కడుంటే మనిషి దక్కడని దుర్గమ్మకు అర్థమైంది.

జాతర దగ్గర పడుతుంటే వకీలు గొంతు తగ్గించి చెప్పాడు. "ఈసారి సాబ్ మీ జాతరకొస్తున్నడు. నీ మొగుని జాగల నువ్వే మాట్లాడుతవంట గదా? వాగు సంగతి కంపెనీ మీదికి రానియ్యకు. ఊరు తప్పు తెలుసుకున్నట్టు కనబడాలె. జమానత్ మీద వదిలిపెట్టనీకి వాళ్ళు అడ్డం చెప్పరు."

తప్పయిందని ఒప్పుకుంటే సగం తగ్గిస్తరు. ఆ మాట ఎక్కడ విన్నదో దుర్గమ్మకు వెంటనే గుర్తొచ్చింది. వాడు ఒప్పుకోలేదు కదా, ప్లోయ్ తమ్ముడు. వాడికి ధైర్యముంది. ఎక్కడివాడో, మొహమైనా ఎరగని ఆ పిల్లగాడి మీద ఆమెకు ఆ క్షణంలో మండిపోయింది.

ఈసారి జాతరకు కంపెనీ షామియానా వేయించింది. కుర్చీలు, మైకు, సన్నాయి పాట. పసుపు టోపీ దుంగను గోతిలోంచి తీసి, కడిగి, గుట్టల తల్లి కంటే ఒక మెట్టు ఎత్తులో పెట్టారు. ఎవరు పెట్టమన్నారో ఎవరూ అడగలేదు. సాబ్ జీపు ఆగింది, మైకులో పాట మొదలైంది, జనం ఒక్కొక్కరే లేచారు. బుధ్రా లేచాడు, పొజ్జా లేచాడు. దుర్గమ్మ కాసేపు నేల మీదే కూర్చుంది. సినిమా చూడటానికి పోయి లేచేదేంది అని నవ్విన నవ్వు చెవుల్లో గింగురుమంది. జాలీ అవతలి దగ్గు కూడా వినబడింది. కొంగు సర్దుకొని, లేచి, రెండు చేతులూ జోడించింది.

పంచాయితీ మొదలైంది. బుధ్రా ఆమె వైపు చూశాడు. "చెప్పు దుర్గమ్మా. వాగు ఎర్రబడ్డది. నేరమెవరిది? నీ మాటే ఊరి మాట."

పూనకంలో ఉన్న సోమి ఊగడం ఆపేసింది. కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది. దుర్గమ్మ ఆ కళ్ళలోకి చూడలేక దుంగతో మాట్లాడింది.

"వాగుతల్లిదే తప్పు. మేకలు తిని నీళ్ళు కాయలేదు."

"నేనే ఎర్రగ చేసుకున్ననా దుర్గీ?" అంది సోమి. అది తల్లి గొంతో, సోమి గొంతో తెలియలేదు. షామియానా కింద చప్పట్లు మోగాయి. నిరుటి పంచాయితీలో నిజం చెప్పిన తల్లిని నలుగురూ ఎత్తుకుపోయి గోతిలో దించారు. ఈలలు వేసినవాళ్ళు లేరు.

ఉప్పలయ్య ఇంటికొచ్చాడు. వకీలు మాట తప్పలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. కాళ్ళు కడుక్కోమని దుర్గమ్మ చెంబు ఇస్తే, నీళ్ళ రంగు చూసి పక్కన పెట్టాడు.

"పంచాయితీ అయిందా? సాబ్ ఇంకా గోతిలనే ఉన్నడా?"

ఆమె తల అడ్డంగా ఊపి చెంబు అందుకుంది.

"ఎవరున్నరు మరి?"

"వాగుతల్లి."

"ఎవడడిగిండు పంచాయితీల? ఎవని నోట్లకెల్లి వచ్చింది ఆ మాట?"

"నా నోట్లకెల్లనే. నువ్వు సచ్చిపోతవని జెప్పిన. కొట్టు, ఇగో, కొట్టు!"

అతను కొట్టలేదు. "నన్ను ఆడనే ఉండనియ్యకపోతివా," అని లేచి, దగ్గుకుంటూ చింతల వైపు నడిచాడు. దుర్గమ్మ వెనకాలే పరుగెత్తింది. గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చొని అతను తల్లిని పైకి లాగబోయాడు. దుర్గమ్మ అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకొని, ముందు చుట్టూ చూసింది, ఎవరైనా ఫోను పట్టుకొని తీస్తున్నారేమోనని.