గీత దాకా నిండని గొట్టం

ల్యాబు ఆయన ఫోన్ చేసి, నా ఉమ్మిలో ఇద్దరు మనుషులున్నారని చెప్పాడు. ఒకరు నేను. రెండోవారు నాతోపాటు పరీక్షకు వచ్చిన కుట్టుపనావిడ.

"ఈ గొట్టంతో లెక్క కడితే ఆవిడ ఆవిడకే చెల్లెలవుతుందమ్మా. మళ్ళీ ఇవ్వాలి," అన్నాడు.

మళ్ళీ అంటే మళ్ళీ ఆ ఎదురుచూపే. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా చిన్నప్పుడు వరదలొస్తే మా వీధి పిల్లల్ని రెండు లారీల్లోకి ఎక్కించారు. నేను ముందు లారీలో, మా చెల్లి వెనక లారీలో. ముందుది ఒక బడి దగ్గర ఆగింది. వెనకది దారి మునగడంతో ఇంకెటో తిరిగింది. అంతే. అప్పటినుంచి ఎవరు గడప దాటినా నాకు గుండెదడే. మా అమ్మాయి కూరగాయలకు వెళ్ళినా మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడతాను.

ఈ మధ్య పరదాలు కుట్టడానికి ఒకావిడ వచ్చింది. మాటల్లో మాటగా, వరద లారీలో వచ్చి అనాథాశ్రమంలో పెరిగానంది. వయసు సరిపోయింది. చెవితమ్మెలు అచ్చం నావే. పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ చేతిలో సూది పక్కన పెట్టి మరీ తనూ ఏడ్చింది. మా అమ్మాయి మాత్రం, ఏడుపులు తర్వాత, ముందు పరీక్ష అంది.

నాకు బడి చదువు లేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. అయినా ఈ పరీక్ష గురించి ఫోనులో కనిపించిందల్లా చదివి, బుర్ర పాడుచేసుకుని, ల్యాబు ఆయన ప్రాణం తీశాను. ఆయన బటన్ల డబ్బా పోలిక చెప్పాడు. అమ్మ తన డబ్బాలో సగం, నాన్న తన డబ్బాలో సగం ఇస్తారు. కానీ అందులో ఏ సగం వస్తుందన్నది పిల్లపిల్లకీ మారుతుంది. అక్కాచెల్లెళ్ళకి కొన్ని బటన్లు కలుస్తాయి, కొన్ని కలవవు. ఎన్ని కలిశాయో చూసి చుట్టరికం తేలుస్తారు. అదిగాక, తల్లి నుంచి మాత్రమే వచ్చేది ఒకటుంది. ఒక తల్లి పిల్లలందరికీ అది ఒకేలా వస్తుంది. అది కూడా చూస్తారట.

ఇంత తెలుసుకుని వెళితే అక్కడ నాకు ఉమ్మే రాలేదు. బీపీ మాత్రలకు నోరు పిడచకట్టుకుపోతుంది. గొట్టం మీద గీత దాకా నింపాలి, అంతకుముందు నీళ్ళు కూడా తాగకూడదు. సగం నింపి, బల్లమీద పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళాను. వచ్చి చూస్తే గీత దాకా ఉంది. నేనే సరిగ్గా చూసుకోలేదనుకుని మూత బిగించి ఇచ్చేశాను.

ఇప్పుడు కుట్టుపనావిడను కూర్చోబెట్టి నిలదీశాను. ఆవిడ తల వంచుకునే చెప్పింది.

"మీది తక్కువైందని నేనే కొంచెం కలిపానక్కా. ఎవరైనా కసురుకుంటారేమోనని."

"నీళ్ళు కలపడానికి అదేమన్నా పాలా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

ఆశ్రమంలో పిల్లలచేత పాతబట్టల్లోంచి రాలిన బటన్లు ఏరించేవాళ్ళట. ఎవరి డబ్బా గీత దాకా నిండకపోతే వాళ్ళకు చీవాట్లు. ఆశ్రమం చూసుకునే పెద్దమ్మగారు అటు తిరగగానే పక్క పిల్ల తన డబ్బాలోంచి ఇంత ఒంపేదట. ఇన్నేళ్ళొచ్చినా ఆ అలవాటు పోలేదావిడకు. మా అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు.

రెండోసారి మమ్మల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారు. ఫలితం వచ్చిన రోజు ల్యాబు ఆయన నెమ్మదిగా చెప్పాడు. బటన్లు కలవలేదు. తల్లి నుంచి వచ్చేదీ కలవలేదు. మేమిద్దరం ఒకరికొకరం ఏమీ కాము.

ఇంటికొచ్చాక ఆవిడ కత్తెర, టేపు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. సగం కుట్టిన పరదా కుర్చీ మీద వేలాడుతోంది. నాకు ఆ సర్దడమే భరించలేనిదయింది.

"పరదా సగంలో వదిలి ఎక్కడికి? కూర్చుని అంచు కుట్టు," అన్నాను.

కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, ఆ ఒంపే అలవాటు ఎవరు నేర్పారని అడిగాను.

"పక్క మంచం పిల్ల. లారీలోనూ నా పక్కనే కూర్చుంది. వాళ్ళక్క ముందు లారీలో ఉందని దారంతా ఒకటే ఏడుపు."

మా అమ్మాయి వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"మీరు నన్నే చెల్లెలన్నారుగా. ఇంక ఆ పిల్ల గురించి ఎందుకనుకున్నాను. మీరూ అడగలేదు."

నిజమే. ఆవిడ చెవులు చూశాను, ఉమ్మి చూపించాను, రెండుసార్లు ల్యాబు చుట్టూ తిప్పాను. లారీలో నీ పక్కన ఎవరున్నారని మాత్రం అడగలేదు. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ పిల్ల ఇప్పుడెక్కడుందని అడిగాను. ఆమధ్య బస్సులో కనిపించిందట, జుట్టంతా తెల్లబడిందట. అడ్రసు అడిగేలోపే దిగిపోయిందట. ఏ స్టాపులో దిగిందో మాత్రం తెలుసు, గడియారాల కొట్టు ముందు.

"లే, పోదాం," అన్నాను.

"ఈ అంచు అయిపోనివ్వండక్కా, నాలుగు కుట్లే."

"అంచు సంగతి తర్వాత చూద్దాం," అని ఆవిడ చేతిలోంచి పరదా లాగేసి, నా చెప్పులెక్కడ పెట్టావని మా అమ్మాయి మీద కేకలేశాను.