బండి తప్పా, మనిషి తప్పా

“క్లచ్ మీద కాలు వేసుకుని కూర్చుంటావు. బండి ఆగక ఏం చేస్తుంది?” అన్నాడు భర్త, తిన్న ప్లేటు ఆమె వైపు జరుపుతూ. “ఇంకొక్కసారి సిగ్నల్ దగ్గర ఆగిందని విన్నానో, తాళం నా దగ్గరుంటుంది. నీ ఉద్యోగం సంగతి నువ్వే చూసుకో.”

చూసుకోవడానికేముంది? ఉద్యోగమే ఆ కారు మీద నడుస్తోంది. ల్యాబ్ తరఫున ఇంటింటికీ తిరిగి పరీక్షలకు రక్తం తీసుకొచ్చే పని ఆమెది. తెల్లారేసరికి వంట, టిఫిన్ డబ్బాలు, అత్తగారి మాత్రలు అన్నీ ముగించి, ఐస్ పెట్టె వెనక సీట్లో పెట్టుకుని బయలుదేరాలి. ల్యాబ్ మేనేజరు ముందే తేల్చేశాడు: “రెండుసార్లు ఆలస్యమైంది మేడమ్. మీ వల్ల కాదంటే చెప్పండి, ఇంకొకర్ని చూసుకుంటాను.” ఇక అత్తగారైతే వంటింటి గుమ్మంలోంచే తీర్పు చెప్పేసింది: “మా వాడు నడిపినన్నాళ్ళూ కుక్కిన పేనులా పడుండేది ఆ బండి. అంతా చేతిలో ఉంటుందమ్మా!”

ఆమెకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా నడుపుతోంది, ఒక్క గీత పడనివ్వలేదు. అయినా లోపల ఎక్కడో ఓ అనుమానం, ఏమో, నా కాలిదే తప్పేమోనని. ఇంతమంది ఇన్నిసార్లు అంటే ఎవరికి పుట్టదు? నాలుగు రోజులు తన ఎడమ కాలికి తనే కాపలా కాసింది. బండి మాత్రం ఆగుతూనే ఉంది.

ఐదో రోజు, ఆమె దగ్గర రక్తం ఇచ్చే ఓ ముసలాయన, ఒకప్పుడు బస్సు డిపోలో మెకానిక్, సంగతంతా విని నవ్వాడు. “కాలు కాదమ్మా, ముక్కు! ఇంజన్ ఎంత గాలి పీలుస్తోందో కొలిచే సెన్సార్ ఒకటుంటుంది, ఎయిర్ ఫిల్టర్ పక్కనే. మసి పట్టిందంటే లెక్క తప్పుతుంది. దానికని స్ప్రే డబ్బా దొరుకుతుంది, కొట్టి ఆరబెట్టు. గుడ్డ మాత్రం తగలనివ్వకు. లోపలి తీగ వెంట్రుకంత ఉంటుంది.”

ఆ మధ్యాహ్నం ఇంజన్ చల్లారాక బానెట్ ఎత్తింది. ప్లగ్గు ఊడదీసి, రెండు స్క్రూలు విప్పి, వేలెడంత ఆ వస్తువును బయటికి లాగింది. తీగ మీద బూడిద రంగు మసి. చెయ్యి దానంతటదే గుడ్డ కోసం పోయింది. పెళ్ళైన నాటి నుంచీ చేతికొచ్చిన ప్రతిదాన్నీ తుడవడమేగా పని! చప్పున వెనక్కి తీసుకుంది. సన్నటి నరం వెతికి సూది దించే చెయ్యి అది, వణకలేదు. దూరం నుంచి పదిసార్లు స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరేదాకా పక్కనే కూర్చుని, మళ్ళీ బిగించి, ప్లగ్గు టిక్కుమనేదాకా నొక్కింది. తాళం తిప్పితే ఇంజన్ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. అబ్బ, ఎంత సంతోషమేసిందో! ఒక్కతే ఉన్నా పైకే నవ్వేసింది.

వారం రోజులు బండి ఎక్కడా ఆగలేదు. శనివారం భర్త ఫోన్లో తమ్ముడితో అంటున్నాడు: “ఒక్కసారి గట్టిగా తగులుకున్నాను. అంతే, కాలు దారికొచ్చింది. చెప్పేవాళ్ళుంటే నేర్చుకుంటారు వీళ్ళు.”

హవ్వ! బండి బాగుపడటం కూడా ఆమె తప్పుకే సాక్ష్యమా?

“కాలు కాదండీ. సెన్సార్‌కి మసి పట్టింది. నేనే ప్లగ్గు ఊడదీసి కడిగాను.”

“నువ్వా?” ఆయన ఫోన్ పెట్టెయ్యకుండానే నవ్వాడు. “విన్నావురా, మీ వదిన మెకానిక్ అయిందట!” అక్కడితో ఊరుకోలేదు. వెళ్ళి బానెట్ ఎత్తి, ఆమె చెప్పిన ప్లగ్గు పీకి చూసి, మళ్ళీ తగిలించి వచ్చాడు. “అంతా ఎప్పట్లాగే ఉంది. ఉత్త కోతలు.”

మర్నాడు మరిది కొన్న ఫ్లాటు చూడటానికి ముగ్గురూ బయలుదేరారు. స్టీరింగ్ ముందు భర్త, పక్కన అత్తగారు, వెనక ఐస్ పెట్టె ఉండే చోట ఆమె. మొదటి సిగ్నల్ దగ్గర బండి కుదిపి ఆగింది. రెండో సిగ్నల్ దగ్గరా అంతే. మూడో దాని దగ్గర ఇక లేవనే లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి.

“పాడు బండి!” అంది అత్తగారు, కొడుకు నుదుటి చెమట తుడుస్తూ. “నీ తప్పేముందిరా నాన్నా? యంత్రమన్నాక పాడవదూ?”

ఆమె నడిపితే కాలు. ఆయన నడిపితే యంత్రం.

భర్త దిగి బానెట్ ఎత్తి, ఏమీ తోచక నిలబడిపోయాడు. ఆమె కూడా దిగింది. చూడగానే తెలిసిపోయింది. ప్లగ్గు వదులుగా ఉంది, నిన్న ఆయన సరిగ్గా నొక్కలేదు. ఒక్క వేలి పని.

భర్త ఆమె దగ్గరికి జరిగి, తల్లికి వినపడకుండా గొణిగాడు: “ఏదో చేశానన్నావుగా. అదేదో కానియ్యి త్వరగా.”

ఆమె చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది.

“ఏం చేశానన్నాను? అత్తయ్యగారికి వినపడేలా చెప్పండి.”

“ఇక్కడా? నడిరోడ్డు మీదా? నీకేమైనా మతి పోయిందా?”

ఆమె స్టీరింగ్ దగ్గరికి వెళ్ళి, తాళం తీసి తన సంచిలో వేసుకుంది. వెనక లారీ డ్రైవరు తల బయటపెట్టి నానా తిట్లూ తిడుతున్నాడు. “ఏమైందిరా?” అని అత్తగారు అద్దం దించింది. భర్త ఆమె వైపూ, తల్లి వైపూ మార్చి మార్చి చూశాడు.

“చెప్పండి,” అందామె, “నాకేం తొందర లేదు.”