వెయ్యి రేటుకి ఎన్ని గంపలు?

మార్కెట్ మూడున్నరకి మూసేస్తారు. గోడ గడియారం రెండుంబావు దాటింది. అసిరమ్మ ఒళ్ళో చెక్కుబుక్కు ఉంది. సంతకం ఇంకా పెట్టలేదు.

అరసవల్లి జంక్షన్‌లో మందుల కొట్టు పైన ఒక్క గది. అదే ఉమాశంకర్ షేర్ల ఆఫీసు. సంగీతం పాఠాలు చెప్పుకునే ఇంట్లో పుట్టి షేర్లు అమ్ముకుంటున్నాడని వాళ్ళ వీధిలో వేళాకోళం. అతనికి ఎదురుగా అసిరమ్మ, పక్కన ఆమె మరిది శివాజీ. ఇద్దరూ బందరువానిపేట నుంచి ఎండలో పడి వచ్చారు. అది 2018 మే నెల. వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి.

మూడేళ్ళ కిందట శివాజీ పోరు పడలేక అసిరమ్మ తన పేరు మీద సాగరజ్యోతి అనే రొయ్యల మేత కంపెనీ షేర్లు వంద కొంది. ఇప్పుడు బజారులో ఒక్కోటి ఎనిమిది వందలు. తన షేర్లు తానే వెయ్యి చొప్పున తిరిగి కొంటానని కంపెనీ ప్రకటించింది. టీవీలో ఆ మాట విన్న దగ్గర్నుంచి శివాజీకి కుదురు లేదు.

"మూడు లచ్చలకి ఇంకో మూడొందల డెబ్బయ్యైదు షేర్లొస్తాయి ఒదినా. షేరుకి రెండొందలు మిగుల్తాది. డెబ్బయ్యైదు వేలు. ఇయాల కొంటేనే శుక్రవారం కంపెనీ రాసే వాటాదారుల లిస్టులో ఎక్కుతాయి. పెట్టు సంతకం."

ఆ మూడు లక్షలూ ఇంజను డబ్బు. మొన్న ఫిబ్రవరిలో పాత ఇంజను నడిసముద్రంలో ఆగిపోయి, ఆమె మొగుడు ఎర్రన్న రెండు రాత్రులు అలల మీద కొట్టుకుపోయాడు. గోపాలపురం వాళ్ళ పడవ చూసి లాక్కొచ్చింది. విశాఖలో కొత్త ఇంజను ఈ వారంలో డబ్బు కడితేనే జూన్‌లో వేట మొదలయ్యేనాటికి చేతికొస్తుంది. లేదంటే మళ్ళీ ఆ పాతదే.

అసిరమ్మ మరిదిని వదిలేసి ఉమాశంకర్ వైపు తిరిగింది.

"పంతులుబాబూ, వెయ్యి రేటుకి ఎన్ని గంపలెత్తుతాడు?"

శివాజీ నవ్వాడు. "గంపలేటి ఒదినా? సేపలా ఇయ్యి?"

"నువ్వూరుకో. ముప్పయ్యేళ్ళు ఒడ్డున సేపల వేలంపాట పాడినాను. సావుకారు మొదటి రెండు గంపలకీ ఊరంతా నోరెళ్ళబెట్టే రేటు పాడతాడు. ఆ రేటు సూసి అందరూ సరుకు వాడి ముందే దింపుతారు. మిగతా గంపల దగ్గరికొచ్చేసరికి ఐసు కరిగిపోతాది, వేరే బేరగాడుండడు. అప్పుడు వాడు సెప్పిందే రేటు. మొదటేడు నానూ దిగబడిపోనాను. అప్పట్నించీ ముందు గంపలడుగుతాను, తరవాతే రేటు."

ఉమాశంకర్ మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాడు. "ఈ వారంలో ముప్పైమంది కొన్నారండీ. ఒక్కరూ ఈ మాట అడగలేదు."

"అడక్కపోతే నువ్వెందుకు సెప్తావు? నీ కమీషను నీకొస్తాది కదా."

అతను కాస్త ఎర్రబడ్డాడు. ఆనక కాగితం తీసుకుని గీతలు గీశాడు. "కంపెనీకి మొత్తం కోటి షేర్లు. కొనేది పది లక్షలే. అందులో లక్షన్నర చిన్నవాళ్ళకి పక్కన పెడతారు. చిన్నవాళ్ళంటే, లిస్టు రాసే రోజున రెండు లక్షల విలువకి మించి షేర్లు లేనివాళ్ళు. వాళ్ళందరి దగ్గరా కలిపి ఆరు లక్షల షేర్లున్నాయి."

"నాలుగింటికి ఒకటి," అంది అసిరమ్మ, అతను లెక్క కట్టేలోపే.

"అంతే. అసలు నిష్పత్తి కాగితం లిస్టు రాశాకే వస్తుంది, ఇది మన అంచనా. మీ వందలో పాతిక్కి హామీ. కొందరు తమ షేర్లు ఇవ్వడం మర్చిపోతారు, ఆ వాటాలో మీవి ఇంకొన్ని తీసుకోవచ్చు. దానికి మాత్రం హామీ లేదు."

"మరి ఈడు సెప్పినట్టు కొంటే?"

"నాలుగొందల డెబ్బయ్యైదు. విలువ మూడు లక్షల ఎనభై వేలు. మీరు పెద్దవాళ్ళ వరసలోకి పోతారు. అక్కడ పదకొండుకి ఒకటి. నలభై మూడు తీసుకుని మిగతావి తిరిగి మీ ఖాతాలో వేస్తారు. ఆ హడావిడి అయ్యాక రేటు యాభై పడినా, ఇరవై ఒక్క వేలు పోతాయి. వచ్చే లాభం ఎనిమిది వేల ఆరొందలు."

శివాజీ నవ్వు ఆగింది. కానీ వాడు తెలివితక్కువ వాడేం కాదు. "అయితే రెండు లచ్చల లోపే ఉందాం. నూట నలభయ్యే కొందాం. నాలుగింటికి ఒకటే కదా."

"అప్పుడు రెండొందల నలభైలో అరవై కంపెనీ తీసుకుంటుంది. అదనంగా ఏడు వేలు మిగులుతుంది. నూట ఎనభై చేతిలో ఉండిపోతాయి," అన్నాడు ఉమాశంకర్. "డబ్బు చేతికొచ్చేది జూలైలో."

"జూలైలో," అంది అసిరమ్మ. వేట మొదలయ్యేది జూన్ పదిహేనున. శివాజీ తల దించుకున్నాడు.

ఆమె ఇంకోటి అడిగింది. "పది లచ్చల షేర్లు, వెయ్యి చొప్పున. వంద కోట్లు. ఎక్కడిది? పడవలో వాటాదారు మానేస్తే మిగతావాళ్ళకి పాలు పెరుగుతాది, మంచిదే. డీజిల్ డబ్బు తీసిచ్చి వాడిని సాగనంపితే మర్నాడు పడవ కదల్దు."

ఉమాశంకర్ కంపెనీ నివేదిక తెరిచాడు. చేతిలో నగదు నూట నలభై కోట్లు. అప్పు లేదు. "ఇచ్చాక నలభై ఉంటాయి. పడవ కదుల్తుంది."

"అయితే పాత వందా కంపెనీ ముందు పెట్టు. తీసుకున్నన్ని తీసుకోనీ, మిగతావి ఉంటాయి. కంపెనీ మంచిదే. కొత్తవి మాత్రం వద్దు."

శివాజీ తెర వైపే చూస్తున్నాడు. "ఎనిమిదొందల పన్నెండు. ఎక్కతన్నాది ఒదినా."

"ఎక్కనీ. నీ రాత బాగుంటాది, రాయి." చెక్కుబుక్కు వాడి ముందుకు తోసింది. "విశాఖ ఇంజను కొట్టు పేరు. మూడు లచ్చలు."

వాడు అక్షరం అక్షరం దిద్దినట్టు రాశాడు. ఆమె సంతకం పెట్టి, సెల్లులో కొట్టు యజమాని ఎల్లాజీకి ఫోన్ కలిపింది.

"ఇంజను మాదే బాబూ, ఎవులికీ ఇవ్వకు. సెక్కు పట్టుకుని రేపు మా మరిదొస్తాడు."

"నేనా?" అన్నాడు శివాజీ. "రేపు నాకు పనుందొదినా."

"ఏటి పని? టీవీ సూడ్డమా? ఇంజను షేర్లు మోసుకొస్తాయేటిరా?"