వినిపించనిదే పంపరాదు

పుంగనూరు ఆవుల పెంపకందార్ల సంఘంలో గురుమూర్తిగారి పని ఒక్కటే. కంప్యూటరు ముందు కూర్చున్న వీణ మేలుజాతి ఆవు నమోదుకు దరఖాస్తు పూరించగానే, దానిని రైతుకు బిగ్గరగా చదివి వినిపించి తప్పులు దిద్దించడం. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన ఆయనకు అది పురాణ కాలక్షేపం వంటిదే. రైతు సరేననే వరకూ దరఖాస్తును పంపనిచ్చేవారు కాదు.

ఆ సోమవారం మదనపల్లె నుంచి కార్యదర్శి ప్రమీల వచ్చి, బ్రౌజరులో స్పెల్ చెక్ పెట్టించింది. మాటలో దోషముంటే దాని కింద ఎర్రగీత పడుతుంది.

"ఇంక మీకు శ్రమ యాల సారూ? నెలాఖరు నుంచి ఇంటికాడ నెమ్మదిగా ఉండండి," అంది మర్యాదగానే.

"దైవేచ్ఛ," అన్నారే గాని, మరునాటి సంధ్యావందనంలో ఆయనకు మనసు నిలువలేదు. కన్ను మసకబారిన మాట నిజమే. తన చూపు దాటిపోయిన ఒత్తులను ఆ గీత రెండుసార్లు పట్టింది. అందుకాయన నొచ్చుకోలేదు. రైతుకు ఎదురుగా కూర్చుని చదివే ఆ కాస్త ఘడియ చేజారిపోతుందనే దిగులు.

గురువారం ప్రమీల మళ్లీ వచ్చి ఉండగానే, కుప్పం నుంచి కృష్ణప్ప వచ్చాడు. వీణ చకచకా పూరించింది. ఒక్క ఎర్రగీతా లేదు.

"సూడండి సార్, కడిగిన ముత్యం మాదిరి ఉండాది. పంపించేదా?"

"వినిపించకుండానా తల్లీ?" అని ఆయన గొంతు సవరించుకున్నారు. ప్రమీల గడియారం చూసుకుంది గాని ఆపలేదు.

"నల్లని ఆవు. ఎడమ కొమ్ము విరిగినది. మూడు ఈతలు."

"ఎవురి ఆవు సామీ అది?" అన్నాడు కృష్ణప్ప. "నాది తెల్లది. కొమ్ములు రెండూ ఉండాయి. ఈతా ఒగటే. ఇది వినిందంటే నాకు పాలియ్యదు."

వీణ నాలుక కరచుకుంది. పని త్వరగా తెమలాలని పాత దరఖాస్తునే తెరచి, పేరూ ఊరూ మార్చడం ఆమె అలవాటు. పొద్దున వచ్చిన మారెమ్మ ఆవు వివరాలు అలాగే ఉండిపోయాయని ఒప్పుకుంది.

"ఇది పోయుంటే?" అంది ప్రమీల నెమ్మదిగా.

"మారెమ్మ ఆవుకు ఇద్దరు యజమానులమ్మా. నా ఆవు దిక్కులేనిది," అన్నాడు కృష్ణప్ప.

ప్రమీలకు నవ్వాగలేదు. "సారూ, అక్షరాలు అది సూసుకుంటాది. ఆవులను మీరు సూసుకోండి. నెలాఖరు మాట నేను అనలేదనుకోండి."

గురుమూర్తిగారు మనసులోనే చేతులు జోడించారు. వీణ దిద్దిన దరఖాస్తును మళ్లీ మొదటి పంక్తి నుంచి ఎత్తుకోబోతే, కృష్ణప్ప ఫోను తీశాడు.

"రవ్వంత ఉండండి సామీ. మా యింటామె గూడా వింటాదంట."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకొని, కుప్పం దాకా వినబడేలా గొంతెత్తారు.